పండుగ కాకముందే తెంపిన చిక్కుడుకాయ

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట ఒకటే. "మేడమ్, ఆ ఊరికి బస్సు ఉందా?"

లేదమ్మా, లేదు. బూర్గంపాడులో బస్సు దిగి, దొరికితే ఆటో ఎక్కి, దొరక్కపోతే కాళ్లకు పని చెప్పి, వాగు దాటి వెళ్లాలి. వానాకాలం వాగు పొంగితే ఇంటికి రావడం కూడా ఉండదు, ఎవరింట్లోనో ఇంత అన్నం తిని పడుకోవాలి. అయినా చెప్తున్నా, అడవి పక్క బడికి ఆర్డరు వచ్చిందని మొహం వేలాడేసుకోకండి. నేను ఎర్రుపాలెం వైపు రైతు బిడ్డను. పొలం తెలుసు, గొడ్లు తెలుసు, అడవి అంటే బస్సు కిటికీలోంచి చూడడమే. అలాంటిదాన్ని ఆ కోయగూడెం ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులకూ ఒక్కదాన్నే టీచరునై కూర్చున్నాను. ఎప్పుడు తెల్లారుతుందా, ఎప్పుడు బడికి పోదామా అని నా సర్వీసులో ఎదురుచూసిన రోజులు ఏవైనా ఉన్నాయంటే అవి అక్కడివే.

ప్రమోషన్లు, బదిలీల కౌన్సెలింగులు, పీఆర్సీ గొడవలు ఇందులో ఉండవు. అవి చెప్పడానికి యూనియన్ వాళ్లున్నారు. చేత్తో పట్టుకుని చూసి నేర్చుకునే చదువు ఎలా ఉంటుందో, దానికి ఎవరెవరు అడ్డం పడతారో, ఎందుకు అడ్డం పడతారో, అదొక్కటే చెప్తాను.

పుస్తకంలో ఆకు

చేరిన కొత్తలో మూడో తరగతి వాళ్లను "ఒక ఆకు బొమ్మ గీయండి" అన్నాను. అందరూ ఒకే ఆకు గీశారు. పుస్తకంలో ఉన్న మామిడాకు! అదే వంపు, అవే ఈనెలు, కింద అచ్చులో పడిన చిన్న మచ్చతో సహా గీశారు. కిటికీ అవతల చెయ్యి చాపితే తగిలేంత దగ్గర మోదుగ చెట్టు ఉంది. తునికి పొదలున్నాయి. ఎండాకాలం వస్తే అమ్మానాన్నలతో పాటు తునికాకు కోసి కట్టలు కట్టే చేతులు ఆ పిల్లలవి. అయినా బడిలో ఆకు అంటే వాళ్లకు పుస్తకంలోదే.

నాకు ఒళ్లు మండిపోయింది. పిల్లల మీద కాదు లెండి. "లేవండి అందరూ, పదండి బయటికి!" అన్నాను. వాళ్లు భయపడ్డారు, బయట నిలబెట్టి కొడతానేమోనని. తలా నాలుగు రకాల ఆకులు తెమ్మన్నాను. తెచ్చాక కళ్లు మూసుకుని చేత్తో తడిమి ఏ ఆకో చెప్పమన్నాను. అబ్బబ్బ, ఆ గోల చూడాలి! గరుకుగా ఉన్నది, నున్నగా ఉన్నది, నూగు ఉన్నది, చిదిమితే వాసన వచ్చేది. అప్పటిదాకా నోరు విప్పని రెండో తరగతి పిల్లలు కోయలో ఒకటే అరుపులు. పెద్ద క్లాసు వాళ్లు నాకు తెలుగులో చెప్పడం, నేను తప్పు పలికితే పడీ పడీ నవ్వడం. మధ్యాహ్నం బువ్వ గంట కొట్టినా ఒక్కడూ లేవలేదు. వంట చేసే ఆమె వచ్చి కేకలేస్తే గానీ మాకు ఆకలి గుర్తురాలేదు.

ఆ సాయంత్రం వాగు దాటుతూ నాలో నేనే నవ్వుకున్నాను. పదేళ్ల పిల్లలాగా ఉంది నా పరిస్థితి.

"అడివి నువ్వు చూపిస్తవా?"

ఆ సంబరం వారం కూడా నిలవలేదు. ఐదో తరగతి సింధు వాళ్లమ్మ జోగమ్మ, నెత్తిన కట్టెల మోపు అలాగే ఉంచుకుని బడి ముందు ఆగింది.

"టీచరమ్మా, మా పోరగాళ్లకు అడివి నువ్వు చూపిస్తవా?"

"చూపించడం కాదు జోగమ్మా..."

"మేం పుట్టింది ఆడ, పెరిగింది ఆడ. ఆకులు తెంపుడు నేర్సుకోనీకి బడెందుకు? నా బిడ్డ బస్సు మీద బోర్డు సదవాలె. దవాఖానల మందుల సీటీ సదవాలె. గందుకు పంపిన."

నెత్తిన చన్నీళ్లు కుమ్మరించినట్టయింది. కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది? టౌన్ల నుంచి వచ్చినవాళ్లం, మనకు అడవి కొత్త కాబట్టి అది పాఠం అనుకుంటాం. వాళ్లకు కొత్త కానిది మళ్లీ వాళ్లకే వడ్డిస్తే అది చదువు కాదు, వనభోజనం. ఇవాళ్టికీ నేచర్ వాక్ పేరుతో పిల్లలను తిప్పి, ఫొటోలు దిగి, వాట్సాప్‌లో పెట్టి, గుడ్ జాబ్ అనిపించుకునేవాళ్లను చూస్తున్నాను. నాకు చిరాకు. పిల్లవాడు ఇంటికి పోయేటప్పుడు పొద్దున లేని ప్రశ్న ఒకటి బుర్రలో పడిందా, ఆ ప్రశ్నను వాడు రాయగలిగాడా? లేకపోతే కాళ్లు నొప్పులే మిగిలాయన్నమాట.

అప్పటి నుంచి బడిలో ఒక కట్టుబాటు పెట్టాను. బయటి నుంచి ఏది తెచ్చినా దాని మీద ఒక ప్రశ్న అడగాలి, ఆ ప్రశ్న బోర్డు మీద రాయాలి. అక్షరాలు రానివాళ్లు వచ్చినవాళ్లను బతిమాలుకుని రాయించుకోవాలి. నా ప్రశ్న ఇంకొకడు రాయడమేంటన్న రోషంతోనే సగం మందికి అక్షరాలు వచ్చాయి, చెప్తే మీరు నమ్మరు. నెల తిరక్కముందే జోగమ్మ కిటికీ దగ్గర నిలబడి బోర్డు వైపు చూస్తూ "గది మా సింధు రాసిందా?" అని అడిగింది. అవునన్నాను. మోపు సర్దుకుని పోయింది. మళ్లీ ఆమె నోట అడివి మాట రాలేదు.

గ్లాసులో గింజ

పై ఆఫీసు వాళ్ల గురించి రెండు ముక్కలు. ఆఫీసు పేరు రాయను, ఎవరి పరువూ తీయను. ఒకాయన వచ్చి గోడలకు చార్టులు లేవని చిందులు తొక్కి పోయాడు. చిక్కుడు మొలక చార్టు కొనాలట! కిటికీ అవతల మొలిచేదాన్ని గోడకు కొని తగిలించడం నా వల్ల కాలేదు.

ఆయన తర్వాత వచ్చిన నర్సింహారావు సారు మాత్రం బంగారం. రైతు కుటుంబం, పెద్ద గొంతు, మరీ పెద్ద నవ్వు. బడి వెనకాల జాగాలో చిక్కుడు మడి వేస్తామంటే "వెయ్యండమ్మా, అడగడమేంటి? నేనొచ్చి చూస్తా" అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి, ఆయన నిజంగానే వచ్చాడు.

గింజలు పిల్లలే తెచ్చారు, ఎవరి ఇంటి నుంచి వాళ్లు. ఎర్రవి, నల్లవి, చారలవి. నాటే ముందు ఒక ఆట పెట్టాను. బూర్గంపాడు టీ కొట్టు నుంచి పాత గాజు గ్లాసులు అడిగి తెచ్చి, లోపల తడిగుడ్డ చుట్టి, గుడ్డకూ గాజుకూ మధ్య గింజలు ఇరికించాం. కొన్ని నిటారుగా, కొన్ని అడ్డంగా, కొన్ని తలకిందులుగా. తలకిందులు పెట్టినదాని వేరు ఎటు పోతుంది? పైకే అని సగం మంది, కిందికే అని సగం మంది. బడి రెండు పార్టీలైంది. ఎలక్షన్లు పనికిరావు!

రోజూ పొద్దున నేను వాగు దాటేసరికే ఒడ్డున పిల్లలు. తాళం తీయడం ఆలస్యం, గ్లాసుల మీద పడడం. ఒకరోజు సింధు కేక విని నేను చెప్పులు కూడా విప్పకుండా పరుగెత్తాను.

"తిరిగింది టీచర్! వేరు కిందికే తిరిగింది!"

పైకి వచ్చిన తెల్లటి వేరు బుద్ధి తెచ్చుకున్నట్టు ఒంపు తిరిగి కిందికి దిగుతోంది. ఓడిన పార్టీ వాళ్లు ఒప్పుకుంటేనా! గ్లాసునే బోర్లించారు. రెండు రోజులకు అది మళ్లీ తిరిగింది. అప్పుడు మూడో తరగతి వాడొకడు అడిగాడు, "దానికి కండ్లున్నయా టీచర్?"

టీచరు ట్రైనింగుకని డైట్ కాలేజీలో రెండేళ్లు చదివాను, ఒక్కరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. సమాధానం నేను చెప్పలేదు. మీరూ చెప్పకండి. "కళ్లుంటే చీకట్లో కనబడదు కదా, మరి పెట్టి చూద్దామా?" అన్నాను. గ్లాసును బియ్యం డబ్బాలో పెట్టి మూత బిగించాం. చీకట్లోనూ వేరు కిందికే పోయింది. "కండ్లు లేవు" అని వాడే బోర్డు మీద రాశాడు. "మరి ఏముంది?" అని దాని కింద ఇంకెవరో రాశారు. ఆ ప్రశ్నను చాలా రోజులు నేను చెరపనివ్వలేదు.

ఆ మొలకలనే మడిలో నాటాం. సింధు తలకిందులు పెట్టిన గింజ మొక్కను విడిగా నాటుకుని, దానికి కర్ర గుచ్చి గుర్తు పెట్టుకుంది. కంచాలు కడిగిన నీళ్లన్నీ మడికే. దాంతో ఊళ్లో పాదులన్నీ ఇంకా పూత మీద ఉండగానే మాది కాయ పట్టింది.

సారు తెంపిన కాయ

ఆ ఊళ్లో ఒక కట్టు ఉంది. కొత్త పంట ఏదైనా సరే, ముందు ముత్యాలమ్మ గద్దె దగ్గర పెట్టి పండుగ చేసి, అందరూ కలిసి తిన్నాకే ఎవరైనా నోట పెట్టాలి. చిక్కుడుకూ అంతే, మామిడికాయకూ అంతే. పండుగ కాకుండా తింటే ఊరంతటికీ కీడు. పిల్లలు నాకు ముందే చెప్పారు. కళ్ల ముందు లేత కాయలు వేలాడుతున్నా ఒక్క చెయ్యి కూడా అటు పోలేదు. వాటి పొడవు కొలవాలన్నా తీగకు ఉండగానే దారంతో కొలిచేవాళ్లు.

ఇంతలో నర్సింహారావు సారు దిగాడు. స్కూటర్ స్టాండు వేస్తూనే "ఏదీ, మడి ఏదీ?" అని వెనక్కి నడిచాడు. గ్లాసుల కథ చెప్తున్నారు పిల్లలు, ఆయన ఊ కొడుతూ కాయలు నిమురుతున్నాడు. నేను ఆఫీసు గదికి తాళం వేసి వస్తున్నాను. దూరం నుంచే చూశాను, ఆయన చెయ్యి తీగ మీదికి పోవడం. "సార్, ఆగండి!" అని అరిచాను. అప్పటికే టప్పున తెంపి నోట్లో వేసుకున్నాడు.

"ఎంత లేతగున్నయమ్మా! మా అమ్మ పెరట్ల తిన్నట్టే ఉంది" అంటూ నములుతున్నాడు.

పిల్లలు బిగుసుకుపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని, సంచులు కూడా తీసుకోకుండా ఊరి వైపు పరుగు తీశారు. సారు నోట్లో కాయ అలాగే ఉండిపోయింది. "ఏమైందమ్మా? పురుగుందా?" అన్నాడు పాపం.

మర్నాడు బడికి ఒక్కరూ రాలేదు. గంట కొట్టాను. మళ్లీ కొట్టాను. పలకలు, సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏడుపొచ్చింది నాకు, దాచుకోవడమెందుకు.

పటేల్ వాకిట్లో

ఊరి పెద్ద రామయ్య పటేల్ వాకిట్లో కూర్చున్నారు అందరూ. నేను పోతే మంచం వాల్చారు. మర్యాదకేం లోటు లేదు, మొహాలే బాగాలేవు. ఎర్రయ్య అనే పెద్దమనిషి తెగేసి చెప్పాడు.

"మడి పీకి పారెయ్యాలె టీచరమ్మా. బడి అంటే లోపట కూసోని సదువుకునుడు. గీ నేల పనులు బడికెందుకు? ఇయ్యాల చిక్కుడు, రేపు ఇంకోటి."

"తిన్నది పిల్లలు కాదు బాబాయ్. తెలియక సారు తిన్నాడు."

"గింజలు ఎవలయి? మా ఇండ్లయి కావా? నేల మాది, గింజ మాది. కీడు సారుకొస్తదా, మాకొస్తదా?"

మడి ఒక్కటే కాదు, దానితో పాటు అన్నీ పోతాయని అర్థమైంది. ఇకమీదట పిల్లలు గదిలో కూర్చుని పుస్తకంలో ఆకే గీస్తారు. పటేల్ చుట్ట కాలుస్తున్నాడు.

అప్పుడు జోగమ్మ వెనక నుంచి సింధు లేచి నిలబడింది. ఏదో కోయలో అంది. పటేల్ ఆ పిల్ల వైపు తిరిగి, "టీచరమ్మకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నాడు.

"పీకొద్దు తాతా. నా చెట్టున్నది ఆడ. నేను గింజ తలకిందులు పెట్టిన. అది తిరిగి మంచిగనే మొలిచింది. ఇప్పుడు దాని గింజ ముదిరినంక మళ్లా పెట్టి చూడాలె."

"ఎందుకు?"

"తల్లి తలకిందులు మొలిచింది గద, దాని బిడ్డ ఎట్ల మొలుస్తదో!"

వాకిలంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వారు, నిజమే, కానీ ఆ వెంటనే మాటలు మొదలయ్యాయి. తలకిందులేంది, తిరుగుడేంది? గింజను ఎట్ల పారేసినా మొలుస్తది గదా అని ఒకరు. అవ్, మరి లోపట వేరు ఏం జేస్తదో ఎవలన్న చూసిండ్రా అని ఇంకొకరు. పిల్లలు పరుగెత్తి బడి నుంచి గ్లాసులు పట్టుకొచ్చారు. కొత్తగా పెట్టిన గింజలున్నాయి వాటిలో. ముసలివాళ్లు గ్లాసు ఎత్తి ఎండకు పెట్టి చూడడం, పిల్లలు వేలితో గాజు మీద వేరు ఒంపు చూపించడం, చీకటి డబ్బా కథ అందరూ ఒకేసారి చెప్పడం! అంతసేపూ పీకెయ్యాలన్న ఎర్రయ్య గ్లాసు తన చేతి నుంచి ఇంకొకరికి ఇవ్వడం లేదు. "ఆగుండ్రి, నన్ను సూడనియ్యుండ్రి" అంటున్నాడు.

పటేల్ చుట్ట ఆర్పాడు. "పిల్ల అడిగినదానికి నీ తాన జవాబున్నదా ఎర్రయ్యా?"

"నా తాన ఏడున్నది."

"నా తాన గూడ లేదు. పీకుతే ఎట్ల తెలుస్తది?" అని నా వైపు తిరిగాడు. "మడి ఉంటది టీచరమ్మా. పండుగ దాక ఎవలు ముట్టరు. కానీ తప్పు తప్పే. తిన్నాయన ఒక కోడి పట్టుకోని పండుగకు రావాలె, మాతోని కింద కూసోని తినాలె. రాకుంటే మాత్రం పీకుడే."

ఏ రంగు కోడి

మీ పై అధికారి దగ్గరికి పోయి, ఊరివాళ్లు మీకు కోడి జరిమానా వేశారు సార్ అని చెప్పాల్సిన అవసరం మీకు రాకూడదని కోరుకుంటున్నాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. ఆయనకు కోపం వస్తే నన్ను ఇంకో మూలకు విసిరేయొచ్చు. అది సరే, మడి పోతుందే!

అంతా విని సారు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏ రంగు కోడమ్మా?" అన్నాడు.

"సార్?"

"అమ్మవారికి కదా. రంగు అడిగి రాకపోతే ఎలా? మళ్లీ తప్పు చేయమంటావా నన్ను?"

పండుగ రోజు భద్రాచలంలో నాటుకోడిని కొని, కాళ్లు కట్టి స్కూటర్ ముందు పెట్టుకుని వచ్చాడు మహానుభావుడు. దారి పొడవునా అది ఆయన మోకాలిని పొడుస్తూనే ఉందట. ఎర్రదే తెచ్చాడు, పటేల్ చెప్పినట్టు. చెప్పులు విప్పి, గద్దె దగ్గర దండం పెట్టి, "తెల్వక చేసిన పెద్దలారా" అని ఊరి మధ్యలో కూర్చున్నాడు. ఎంతోమంది బాసులను చూశాను, పిల్లలూ. పిల్లల ముందు నేల మీద కూర్చోగలిగిన బాసును ఆయన్నొక్కడినే చూశాను.

ఊళ్లో పాదులవీ, మా మడిలోవీ ఒకే కుండలో వండారు. ముందు అమ్మవారికి పెట్టారు. తర్వాత పటేల్ ఒక్కో ఇంటి పేరు పిలవడం, ఆ ఇంటి నుంచి ఒకరు వచ్చి ఆకు దొప్పలో వాటా పట్టుకుపోవడం. ఒక్క ఇల్లూ తప్పిపోకుండా పిలుస్తున్నాడు, తొందరేమీ లేదు. నేను సారు పక్కన కూర్చుని, మనకు చివర్లో ఎవరో ఒకరు తెచ్చి పెడతారులే అనుకుంటున్నాను. ఊరి ఆఖరి ఇల్లు కూడా అయిపోయింది. కుండలో ఇంకా ఉంది. పటేల్ తలెత్తి చుట్టూ చూశాడు.

"బడి ఇల్లు!" అని పిలిచాడు. "బడి ఇంటోళ్లు ఎవలు? రాండ్రి!"

నేను లేవబోయాను. అప్పటికే తమ అమ్మల పక్క నుంచి, నాన్నల ఒళ్లలోంచి, తింటున్న దొప్పలు కింద పెట్టేసి, ఊళ్లో పిల్లలందరూ లేచి నిలబడ్డారు.